ఇసుక నీళ్లు పీలుస్తుందా, అడ్డుకుంటుందా? ముందు ఇలా చూడండి

నీళ్లు ఇంకట్లేదంటే అందరూ మొదట రంధ్రాల సైజునే అనుమానిస్తారు. దానికంటే ముందు ఆ రంధ్రాల గోడ తడుస్తుందో లేదో చూడండి, పొడి పదార్థంలోకి నీళ్లు మొదటిసారి వెళ్లేటప్పుడు అదే చాలావరకు తేల్చేస్తుంది.

చుక్క పరీక్షతో మొదలుపెట్టండి. బాగా ఆరిన ఇసుక మీద నీటి చుక్క వేసి, కళ్లు ఆ మట్టానికి దించి పక్కనుంచి చూడండి. పరుచుకుని ఇంకిపోతే తడిసే రకం, గుండ్రంగా పూసలా నిలబడితే కాదు. మట్టి పరీక్షల్లో 5 సెకన్లలోపు ఇంకితే తడిసే మట్టి కిందే లెక్క. చేతి జిడ్డుగానీ సబ్బు ఆనవాలుగానీ ఉంటే ఫలితం తారుమారవుతుంది, జాగ్రత్త.

తర్వాత రెండు పారదర్శక గొట్టాలు తీసుకుని అడుగున గుడ్డ కట్టండి. ఒకదాంట్లో కడిగి ఆరబెట్టిన ఇసుక, రెండోదాంట్లో అదే ఇసుకకి కరిగించిన మైనం అతికొద్దిగా పట్టించి, గింజలు అంటుకోకుండా విడదీసి పోయండి. రెంటినీ కాస్త నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టండి. మొదటిదాంట్లో తడి గీత పైకి పాకుతుంది, మొదట్లో చకచకా, రానురాను నెమ్మదిగా; పైకెక్కిన నీటి బరువు ప్రభావం తక్కువగా ఉన్నంతసేపు రెట్టింపు దూరానికి సుమారు నాలుగు రెట్ల టైమ్ పడుతుంది. మైనం ఇసుకలో గీత కదలదు.

కారణం కేశనాళికా పీడనం, అంటే సన్నని సందుల్లో నీటి ఉపరితలం వంగడం వల్ల నీటిని లోపలికి లాగే లేదా బయటికి నెట్టే ఒత్తిడి. 10 మైక్రోమీటర్ల వ్యాసార్థమున్న సన్నని గొట్టం పూర్తిగా తడిసేదైతే నీటిని దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తుకి లాగగలదు, అదే గొట్టంలో నీళ్లు గోడతో చేసే కోణం 110 డిగ్రీలైతే అర మీటరు నీళ్లు పైన నిలబడితే తప్ప లోపలికి రానివ్వదు. నీళ్లు లోపలికి వెళ్లడానికీ ఆగిపోవడానికీ మధ్య 90 డిగ్రీలే హద్దు అని పుస్తకాల్లో ఉంటుంది కానీ అది తిన్నని గొట్టానికి. ఇసుకలో దారి ఉబ్బుతూ సన్నబడుతూ ఉంటుంది కాబట్టి అంతకంటే తక్కువ కోణంలోనే నీళ్లు ఆగిపోవచ్చు.

ఇప్పుడు మైనం ఇసుక మీద పైనుంచి మెల్లగా నీళ్లు పోయండి. కొంత ఎత్తు దాకా ఊరికే నిలబడి, ఉన్నట్టుండి ఒకటి రెండు చోట్ల దారి చేసుకుని దిగిపోతాయి, పక్కనంతా పొడిగానే ఉండిపోతుంది! నాకైతే మొత్తం ప్రయోగంలో తప్పక చూడాల్సింది ఇదే.

చివరగా, మంటకి దూరంగా, ఆ ఇసుకని ఆల్కహాల్‌తో నింపి, పైనుంచి నీళ్లు పోస్తూ ఆల్కహాల్‌ని బయటికి పంపేయండి. గాలి మిగలకుండా నిండాక ప్రవాహం కడిగిన ఇసుకకి దగ్గరగానే ఉంటుంది, ఎందుకంటే లోపల గాలికీ నీటికీ మధ్య హద్దు లేదు. అప్పటికీ బాగా తక్కువగా పారుతుంటే గింజల సైజు, మైనం మూసేసిన సందులు, ఇరుక్కున్న గాలి బుడగలు వెతకండి.