ఐరిష్ మూలాలున్న ఆడపిల్లకు పేరు ఎలా ఎంచుకోవాలి?

నాన్నది గుంటూరు, అమ్మ వాళ్లది కార్క్. లేదా అమ్మానాన్నలిద్దరూ అమెరికాలోనే పుట్టారు, కానీ ఒకవైపు ముత్తమ్మమ్మ ఎప్పుడో గాల్వే నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఇలాంటి ఇళ్లలో ఆడపిల్ల పుట్టబోతుందనగానే "ఏదైనా ఐరిష్ పేరు పెడదాం" అనే మాట వస్తుంది, అందరూ ఫోన్లు తీస్తారు, అర్ధగంటలో వంద పేర్లు పోగవుతాయి, వాటిలో సగం ఎలా పలకాలో అక్కడున్న ఎవరికీ తెలియదు. నేను చెప్పేది ఒకటే: పేరును కంటితో చూసి కాదు, చెవితో విని ఎంచుకోండి. స్పెల్లింగ్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు.

1. ముందు ఇంట్లో ఉన్న పేర్లు వెతకండి

ఐర్లండ్‌లో పాత పద్ధతి ఒకటుంది. మొదటి ఆడపిల్లకు అమ్మమ్మ పేరు, రెండో పిల్లకు నానమ్మ పేరు, మూడో పిల్లకు అమ్మ పేరే. మన దగ్గరా నానమ్మ, అమ్మమ్మల పేర్లు పెట్టుకునే ఇళ్లు బోలెడు కాబట్టి ఈ మాట ఎత్తితే రెండు వైపుల పెద్దవాళ్లూ సంతోషిస్తారు. ఎవరి పేరు ముందు అనే గొడవ మీరే తేల్చుకోవాలి, అందులో నేను తలదూర్చను.

పాత పేర్లు ఎవరికీ గుర్తులేకపోతే 1901, 1911 ఐర్లండ్ జనాభా లెక్కల కాగితాలు ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంటిపేరు, కౌంటీ (అంటే అక్కడి జిల్లా) తెలిస్తే చాలు, ఆ రోజు ఆ ఇంట్లో ఎవరెవరున్నారో కనిపిస్తుంది. అయితే పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్ రూపంలోనే రాసి ఉంటాయి. అక్కడ బ్రిజెట్ అని ఉంటే అసలు ఐరిష్ రూపం బ్రీడ్ లేదా బ్రిజిడ్. డీలియా అని కనిపించినా చాలాసార్లు అది బ్రిజెట్‌కు ముద్దుపేరే. హొనోరా అంటే నోరా. కాథ్లీన్ అంటే కాట్లీన్. క్యాథరిన్, మార్గరెట్‌లైతే ప్రతి వీధిలోనూ తగులుతాయి.

బ్రిజెట్ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1845లో మొదలైన బంగాళాదుంప కరువు తర్వాత లక్షలమంది అమెరికా చేరారు, వాళ్లలో చాలామంది ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి కుదిరారు, చివరికి అక్కడ "బ్రిజెట్" అంటేనే పనిమనిషి అని వెటకారం చేసే దాకా వెళ్లింది. అందుకే కొన్ని కుటుంబాలు ఆ పేరే వదిలేశాయి. ఇప్పుడు ఆ మచ్చ లేదు. 2023 నుంచి సెయింట్ బ్రిజిడ్ పేరిట ఐర్లండ్‌లో ఫిబ్రవరి మొదట్లో ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. మీ వంశంలో బ్రిజెట్ ఉంటే ఆ పేరు మళ్లీ పెట్టే సంగతి ఆలోచించమంటాను.

2. అక్షరాలు చూసి భయపడకండి

ఐరిష్ స్పెల్లింగ్ ఇంగ్లిష్ కంటే పద్ధతిగానే ఉంటుంది, కాకపోతే పద్ధతి వేరు. నాలుగు సంగతులు తెలిస్తే సగం పేర్లు చదివేయొచ్చు. బి పక్కన హెచ్, ఎమ్ పక్కన హెచ్ వస్తే ఎక్కువగా "వ" శబ్దం. చివర్లో డి-హెచ్, జి-హెచ్ చాలాసార్లు పలకవు. ఎస్ పక్కన ఐ గానీ ఇ గానీ ఉంటే "ష". సి ఎప్పుడూ "క". ఇక అచ్చు మీద వాలుగా ఒక గీత ఉంటుంది, దాన్ని ఫాడా అంటారు, మన దీర్ఘం లాంటిదే.

ఇప్పుడు చూడండి. ఎన్-ఐ-ఏ-ఎమ్-హెచ్ అంటే నీవ్. ఎస్-ఐ-ఓ-బి-హెచ్-ఏ-ఎన్ అంటే షివాన్. ఎఫ్-ఐ-ఏ-డి-హెచ్ అంటే ఫీయా, 2021లో ఐర్లండ్‌లో ఆడపిల్లలకు ఎక్కువమంది పెట్టిన పేరు ఇదే. ఏ-ఓ-ఐ-ఎఫ్-ఇ ఈఫా అవుతుంది. ఎస్-ఏ-డి-హెచ్-బి-హెచ్ అని ఆరు అక్షరాలు రాసి పలికేది మాత్రం సైవ్. గ్రాన్యా, రోషీన్, షినేడ్, ఆష్లింగ్ ఇవన్నీ తెలుగులో రాస్తే ఏ ఇబ్బందీ లేదు, కాబట్టి హైదరాబాద్‌లో ఉన్న నానమ్మకు వాట్సాప్‌లో పంపేటప్పుడు తెలుగులోనే పంపండి.

ఉచ్చారణ ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కీవా అనే పేరును ఉత్తరాన అల్‌స్టర్‌లో క్వీవా అంటారు. స్వేచ్ఛ అనే అర్థమున్న సీర్షాను నటి సీర్షా రోనన్ స్వయంగా "సర్షా" అని పలుకుతుంది. మీ చుట్టాలు ఏ వైపు వాళ్లో వాళ్ల పలుకే తీసుకోండి. చుట్టాలు లేకపోతే ఐరిష్ భాషలో నడిచే టీజీ ఫోర్ ఛానల్ చూడండి, పేర్ల సైట్లలో మిషన్ చదివే గొంతును మాత్రం నమ్మకండి.

3. రెండు వైపుల ఇళ్లలోనూ గట్టిగా పిలిచి చూడండి

ఇది చాలామంది మర్చిపోయే పని. కీరా ఐర్లండ్‌లో చక్కటి పేరు, సెయింట్ కీరా అని ఒక సన్యాసిని కూడా ఉండేది. మన ఇంట్లో "కీరా, ఇలా రా" అంటే దోసకాయ గుర్తొస్తుంది, ఆ పిల్ల వేసవి సెలవులకు విజయవాడ వచ్చిన ప్రతిసారీ బావలు ఏడిపిస్తారు. నోరా కూడా అంతే, "నోరా వీపుకు దెబ్బలు తేకే" సామెత రెడీగా ఉంది. నీవ్ అని పిలిస్తే తాతయ్యకు "నీవు" అన్నట్టు వినిపిస్తుంది. ఇవేవీ పేరు మానుకోవడానికి కారణాలు కావు, ముందే తెలిసి నవ్వుకుని పెట్టుకోవాలి అంతే.

రెండు చోట్లా హాయిగా కుదిరేవీ ఉన్నాయి. తార అన్నింటికంటే సులువు: మీథ్ కౌంటీలో ఐర్లండ్ రాజుల పురాతన పీఠంగా చెప్పే తార కొండ ఉంది, మనకేమో తార ఎలాగూ మన పేరే. ఆన్యా, ఏవా, ఓర్లా, ఊనా ఎవరి నోటికైనా తిరుగుతాయి.

నక్షత్రం చూసి అక్షరం పెట్టే అలవాటుంటే ఐరిష్ పేర్లు అడ్డేమీ కాదు. పంతులుగారు చూసేది శబ్దం, ఇంగ్లిష్ అక్షరం కాదు. కృత్తిక రెండో పాదానికి "ఈ" వస్తే ఈఫా సరిపోతుంది, స్పెల్లింగ్ ఏ తో మొదలైనా సరే. న్యూమరాలజీ పట్టింపు ఉన్నవాళ్లకైతే అక్షరాలు కలపాల్సిన శ్రమే లేదు, ఐరిష్ వాళ్లు ముందే కలిపి పెట్టారు.

4. కథ చదివాకే ఖాయం చేయండి

సైట్లలో ప్రతి పేరుకూ "అందం", "వెలుగు", "రాకుమారి" అని అర్థాలు రాస్తారు. వాటికంటే కథ ముఖ్యం. ఈఫా అంటే అందమే, నిజమే, కానీ ఐరిష్ పురాణ గాథ అయిన లిర్ పిల్లల కథలో ఫినూలానూ ఆమె ముగ్గురు తమ్ముళ్లనూ 900 ఏళ్ల పాటు హంసలుగా మార్చేసిన సవతి తల్లి పేరు కూడా ఈఫానే. డీర్‌డ్రా కథ మొదటి నుంచి చివరిదాకా కన్నీళ్లే. గ్రాన్యా అయితే ఒకవైపు ప్రేమికుడితో పారిపోయిన పురాణ కన్య, ఇంకోవైపు 16వ శతాబ్దంలో మేయో తీరంలో ఓడలు నడిపి, 1593లో ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్‌ను ముఖాముఖి కలిసిన గ్రాన్యా వేల్. ఇంగ్లిష్‌లో గ్రేస్ ఓమాలీ అంటారు. ఇంట్లో గ్రేస్ అనే ముత్తమ్మమ్మ ఉంటే గ్రాన్యాకు దారి అక్కడే ఉంది. నాకు బాగా నచ్చిన పేరు ఇదే, దాచుకోను.

కొలీన్, ఎరిన్ లాంటివి వలస వెళ్లినవాళ్ల పిల్లల్లోనే ఎక్కువ. కొలీన్ "అమ్మాయి" అనే ఐరిష్ మాట నుంచి వచ్చింది. బోస్టన్‌లో బాగానే ఉంటుంది, డబ్లిన్‌లో మాత్రం కొంచెం వింతగా చూస్తారు.

5. పిల్ల ఎక్కడ పెరుగుతుందో చూసి స్పెల్లింగ్ తేల్చండి

ఐర్లండ్‌లో పెరిగే పిల్లకు అసలు స్పెల్లింగే పెట్టండి, టీచర్లకు అదే తెలుసు. డల్లాస్‌లోనో బెంగళూరులోనో పెరిగే పిల్ల మాత్రం ప్రతి హాజరు పట్టీ దగ్గరా పేరు సరిచేస్తూ ఉండాలి. కొందరికి అది గర్వం, కొందరికి టెన్షన్. మధ్యే మార్గం ఉంది: గాయని ఎన్యా అసలు పేరు ఈ-ఐ-టి-హెచ్-ఎన్-ఇ అని రాస్తారు, ఐర్లండ్‌లోని డోనిగాల్ కౌంటీ పలుకు ప్రకారం ప్రపంచం చదవగలిగేలా ఈ-ఎన్-వై-ఏ అని మార్చుకుంది. మేవ్‌కు కూడా ఇలాంటి సులువైన స్పెల్లింగ్ ఎప్పటినుంచో ఉంది.

6. కాగితాల పని

ఐర్లండ్‌లో పుడితే మూడు నెలల్లోపు జననం నమోదు చేయించాలి. బారసాల 21వ రోజున అనుకున్నా బోలెడు సమయం ఉంటుంది. ఫాడా పెట్టాలనుకుంటే ఫారంలో స్పష్టంగా రాయండి, సంతకం పెట్టేముందు ఒకసారి సరిచూడండి. ఆ గీత పోతే మాటే మారిపోవచ్చు: షాన్ అనే మగపిల్లాడి పేరులో ఫాడా తీసేస్తే "ముసలి" అనే మాట మిగులుతుంది. పాస్‌పోర్టు కింద మిషన్ చదివే వరుసల్లో మాత్రం ఏ నుంచి జెడ్ దాకా మామూలు అక్షరాలే ఉంటాయి, గీతలుండవు. విమానం టికెట్ బుక్ చేసేటప్పుడు పేరు అక్కడున్నట్టే కొట్టండి. ఓసీఐ కార్డుకు (వేరే దేశపు పౌరులైన భారతీయ మూలాల వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) దరఖాస్తు చేస్తే ఆ ఫారంలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఇంట్లో పిలుచుకునే తెలుగు పేరు కూడా చేర్చాలనుకుంటే అది జనన నమోదు రోజే మధ్య పేరుగా రాయించేయండి.