అంకెల్లోంచి అంగారకుడు: మారినర్-4 పద్ధతిలో గోడబొమ్మ వేయడం ఎలా?

1965 జులై 14న నాసా అంతరిక్ష నౌక మారినర్-4 అంగారకుడి పక్కనుంచి దూసుకుపోతూ ఫొటోలు తీసింది. ఒక్కో ఫొటోలో 200 వరుసలు, వరుసకు 200 చుక్కలు. ప్రతి చుక్క వెలుగునీ 0 నుంచి 63 లోపు ఒక సంఖ్యగా మార్చి, సెకనుకు ఎనిమిది బిట్లకు కాస్త ఎక్కువ వేగంతో భూమికి పంపింది. అంటే ఒక్క ఫొటో చేరడానికే ఎనిమిది గంటలు దాటుతుంది. పైగా నౌకలోని టేప్ రికార్డర్ సరిగ్గా పనిచేసిందో లేదో అన్న అనుమానం ఒకటి.

పాసడీనాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో రిచర్డ్ గ్రమ్ బృందం కంప్యూటర్ చిత్రం తయారయ్యేదాకా ఆగలేకపోయింది. సంఖ్యలు అచ్చయిన కాగితపు పట్టీలను పక్కపక్కన బోర్డుకు బిగించి, ఏ సంఖ్యకు ఏ రంగో రాసుకుని, పేస్టెల్స్‌తో పూసుకుంటూ పోయారు. దగ్గరికెళ్లి చూస్తే రంగు కింద సంఖ్యలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంజినీర్లు చేతులారా వేసిన బొమ్మ అది. అంతరిక్ష పరిశోధనలోంచి పుట్టిన కళల్లో నాకు అన్నిటికన్నా నిజాయితీగా అనిపించేది ఇదే.

అదే పద్ధతిలో 54 సెంటీమీటర్ల చదరపు బొమ్మను ఇంట్లో వేసుకోవచ్చు. ముగ్గురు కూర్చుంటే ఒక ఆదివారం సరిపోతుంది.

కావలసినవి

ఏ4 సైజు కార్ట్రిడ్జ్ పేపర్ (కాస్త గరుకుగా ఉండే డ్రాయింగ్ కాగితం) 6 (చెడిపోతే ఉంటాయని ఇంకో 2), సాఫ్ట్ పేస్టెల్స్ 6 రంగులు, 60 సెంటీమీటర్ల చదరపు ఫోమ్ బోర్డు, రెండువైపులా అంటుకునే టేపు, స్టీలు స్కేలు, కట్టర్, పేస్టెల్ ఫిక్సేటివ్ స్ప్రే (పొడి రాలకుండా పట్టి ఉంచేది). కాగితం 120 జీఎస్ఎం దగ్గర ఉండాలి. మామూలు జిరాక్స్ కాగితం మరీ నున్నన, దానిమీద పేస్టెల్ పొడి నిలవదు, జారిపోతుంది. పిల్లల ఆయిల్ పేస్టెల్స్ కొనకండి. అవి మందంగా పట్టి సంఖ్యల్ని కప్పేస్తాయి, ఈ బొమ్మకున్న అందమంతా పోతుంది.

ఫొటో ఎంపిక

సగం పని ఇక్కడే. బిలాలు (గుండ్రటి గుంటలు) కనిపించే చంద్రుడి ఫొటో తీసుకోవచ్చు, కానీ పున్నమి చంద్రుడు పనికిరాడు. వెలుగు ఎదురుగా పడటంతో బిలాలకు నీడలుండవు, బొమ్మంతా ఒకే తెలుపు. అష్టమి, నవమి నాటి చంద్రుడిలో వెలుగు చీకట్లు కలిసే గీత దగ్గర మూడు నాలుగు పెద్ద బిలాలున్న భాగం తీసుకోండి. నాసా చిత్రాలు సాధారణంగా కాపీరైట్ లేకుండా దొరుకుతాయి కాబట్టి మారినర్-4 తీసిన అసలు ఫొటోనే వాడుకున్నా బాగుంటుంది. ఫొటోను చదరంగా కత్తిరించేటప్పుడు ముఖ్యమైన బిలం బొమ్మ వెడల్పులో కనీసం నాలుగో వంతు ఆక్రమించాలి. ఫొటోను గళ్లకు తగ్గించాక మూడు గళ్లకన్నా చిన్నదయ్యేది ఏదైనా ఏమిటో గుర్తుపట్టడం కష్టం.

ఫొటోను సంఖ్యలుగా మార్చడం

1. ఉచితంగా దొరికే గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫొటో తెరిచి, మోడ్‌ను గ్రేస్కేల్ చేయండి. లెవెల్స్‌లో కుడి ఎడమ బాణాలను గ్రాఫ్ అంచులదాకా జరపండి. ఈ పని మరిచిపోతే సంఖ్యలన్నీ 25, 35 మధ్య ఇరుక్కుని రెండు రంగులే వాడాల్సి వస్తుంది.

2. స్కేల్ ఇమేజ్‌లో 54 బై 54 పిక్సెల్స్ ఇచ్చి, పీజీఎం ఫైలుగా ఎగుమతి చేయండి. అడిగినప్పుడు ఆస్కీ ఎంచుకోండి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట తలగీతలు (ఫైలు రకం, వ్యాఖ్య, కొలతలు, 255), ఆ తర్వాత వరుసగా సంఖ్యలు ఉంటాయి. తలగీతలు తీసేయండి. 2916 సంఖ్యలు మిగలాలి.

3. వాటిని గూగుల్ షీట్స్‌లో ఒక నిలువు వరుసగా అతికించండి. పక్క వరుసలో ప్రతి సంఖ్యనూ 4తో భాగించి, ఇంట్ ఫంక్షన్‌తో దశాంశం వదిలేయండి. 255 కాస్తా 63 అవుతుంది, అంటే మారినర్ కొలమానమే. ఆ వరుస మొత్తాన్ని వ్రాప్‌రోస్ ఫంక్షన్‌కు ఇచ్చి, వెడల్పు 54 అని చెబితే సంఖ్యలు చదరంగా పరుచుకుంటాయి.

4. కండిషనల్ ఫార్మాటింగ్‌లో నలుపు నుంచి తెలుపుకు కలర్ స్కేల్ పెట్టి చూడండి. బొమ్మ కనిపించాలి. ఏటవాలుగా జారిపోయి ఉంటే వెడల్పు తప్పిచ్చారు. కుడి అంచులో ఉండాల్సిన ముక్క ఎడమ అంచుకొచ్చి చేరితే తలగీత ఏదో మిగిలిపోయింది.

అచ్చు

ఆ షీట్‌ను డౌన్‌లోడ్ చేసి, లిబ్రె ఆఫీస్ కాల్క్ అనే ఉచిత స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి గడి ఎత్తు, వెడల్పు 1 సెంటీమీటరు పెట్టండి. కలర్ స్కేల్ తీసేసి, సంఖ్యలు 9 సైజులో, బూడిద రంగులో ఉంచండి. పేజీకి 18 నిలువు వరుసలు, 27 అడ్డ వరుసలు వచ్చేలా పేజీ బ్రేకులు పెడితే సరిగ్గా ఆరు పేజీలు. 100 శాతం స్కేలులోనే ప్రింట్ తీయాలి. ‘పేజీకి సరిపెట్టు’ అన్న ఎంపిక ఆన్‌లో ఉంటే గడి 9 మిల్లీమీటర్లో, 11 మిల్లీమీటర్లో అయిపోతుంది. మొదటి పేజీ రాగానే స్కేలు పెట్టి కొలవండి.

ప్రతి పేజీనీ ఆరు గళ్ల వెడల్పున మూడు పట్టీలుగా కోయండి. మొత్తం 18. కోసిన వెంటనే వెనకవైపు ‘పై 1’, ‘కింద 1’ అంటూ పెన్సిల్‌తో రాయండి. ఇది వాయిదా వేస్తే తర్వాత సంఖ్యలు చూసి పట్టీల వరుస పోల్చుకోవడం చాలా కష్టం.

రంగుల చిట్టా

ముదురు నుంచి లేతకు: 0–10 కాఫీ రంగు, 11–21 ఇటుక రంగు, 22–32 నారింజ, 33–43 మామిడిపండు పసుపు, 44–54 నిమ్మపండు లేత పసుపు, 55–63 తెలుపు. నీలాలతోనో ఆకుపచ్చలతోనో వేసినా తప్పులేదు. తప్పనిసరి నియమం ఒక్కటే, వెలుగు క్రమం చెడకూడదు. ఆరు రంగులనూ ఒక కాగితం మీద పక్కపక్కన పూసి, ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. రెండు మరకలు ఒకేలా కనిపిస్తే అందులో ఒకటి మార్చాలి. సాధారణంగా ఇటుక, నారింజ రంగుల దగ్గరే ఈ చిక్కు వస్తుంది. కంటికి వేరువేరుగా కనిపిస్తాయి కానీ వెలుగులో ఒకటే. అలా వదిలేస్తే బిలం గోడ, దాని నీడ కలిసిపోతాయి.

స్ప్రెడ్‌షీట్‌లోని కౌంటిఫ్ ఫంక్షన్‌తో ఒక్కో రంగుకు ఎన్ని గళ్లొచ్చాయో కూడా లెక్కపెట్టండి. వెయ్యి దాటినదాని హద్దును రెండు మూడు సంఖ్యలు జరిపితే బొమ్మ తేటపడుతుంది.

పూత

లేత రంగుతో మొదలుపెట్టి ముదురుతో ముగించండి. ముందే కాఫీ రంగు పూస్తే దాని పొడి తెల్ల గళ్లలోకి చేరుతుంది, ఇక రాదు. కడ్డీని పడుకోబెట్టి, ఒత్తకుండా ఒక్కసారే రాయండి. కింద సంఖ్య మసగ్గా చదవగలిగేంత పూత చాలు. చేతి కింద తెల్లకాగితం ముక్క పెట్టుకోండి. పొడిని నోటితో ఊదకూడదు. పట్టీని నిలువుగా పట్టుకుని, వెనకనుంచి వేలితో తట్టండి.

పూస్తున్నంతసేపూ ఒక కోరిక వేధిస్తుంది: తెల్లటి గళ్ల మధ్య ఒంటరిగా ఉన్న 14ను చూసి, ఇది పొరపాటేమో, పక్కవాటిలా పూసేద్దామా అని. పూయకండి. మారినర్ బృందం బొమ్మ అందంగా రావాలని కూర్చోలేదు, కెమెరా ఏం చూసిందో తెలుసుకోవాలని కూర్చుంది. ఆ ఒంటరి 14 చిన్న బిలం నీడ కావచ్చు. పోచంపల్లి ఇకత్‌లోనూ డిజైన్ గ్రాఫ్ కాగితం మీద గళ్లుగానే మొదలవుతుంది. అక్కడ ఒక గడి తప్పితే చీర మొత్తంలో తెలిసిపోతుంది.

బిగింపు

పట్టీలను ఆరుబయట 30 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా రెండుసార్లు స్ప్రే చేయండి, మధ్యలో పది నిమిషాలు ఆరనివ్వండి. ఒకేసారి తడిసేలా కొడితే లేత పసుపు నల్లబడుతుంది. బోర్డుకు ఫెవికాల్ వద్దు, ఆ తడికి కాగితం ముడతలు పడుతుంది. టేపు వాడండి. మధ్య పట్టీతో మొదలుపెట్టి రెండువైపులకూ వెళ్తే చిన్న చిన్న తేడాలు అంచుల్లో సర్దుకుంటాయి.

బోర్డు అడుగున మిగిలిన జాగాలో ఆరు రంగుల గళ్లు వేసి, వాటి పక్కన సంఖ్యల హద్దులు రాయండి. గ్రమ్ బృందం బొమ్మ మీదా రంగుల పట్టిక ఉంది. గోడకు తగిలించి ఇరవై అడుగులు వెనక్కి నడిచి, కళ్లు కాస్త చికిలించి చూడండి. గళ్లు కరిగి బిలం లోతు కనిపిస్తుంది.