ఒకే ఖాతాతో పడ్డ పాట్లు

వ్యాపారం డబ్బూ ఇంటి డబ్బూ ఏళ్ల తరబడి ఒకే బ్యాంకు ఖాతాలో నడిపాను. పన్ను లెక్కల వేళకి ఒకటే టెన్షన్. ఈసారి 12 నెలల స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి, వ్యాపార ఖర్చులకి పచ్చ గీత, సొంత ఖర్చులకి ఎర్ర గీత పెడుతూ కూర్చున్నా. రెండు ఆదివారాలు పోయాయి.

అప్పుడు దొరికింది అసలు తప్పు. అప్పు వాయిదా మొత్తాన్నీ ఖర్చు కింద రాసేస్తున్నాను! అందులో వడ్డీయే ఖర్చు, అసలు కింద తీర్చే భాగం ఖర్చు కాదు. ఇంటికి తీసుకున్నదీ అంతే. భాగస్వాముల్లేని సొంత వ్యాపారంలో నాకు నేనిచ్చుకునే 'జీతం' ఖర్చవదు. లెక్కలాయనకి చూపించి దిద్దించాను.

ఇప్పుడు రెండు ఖాతాలు. నెలకోసారి ఒకే మొత్తం ఇంటి ఖాతాకి పంపుతున్నా. డబ్బు వచ్చిన రోజే పన్ను వాటా పక్కన పెడుతున్నా, మనసొప్పకపోయినా.