వాన పడిందని ఇంటర్వెల్ బంద్ పెట్టకండి

జూన్‌లో బడులు తెరవడం, ముసురు పట్టడం మనవైపు దాదాపు ఒకేసారి. నాలుగు చినుకులు పడగానే పిల్లలను లోపల కూర్చోబెట్టేస్తాం. నేనూ కొన్నేళ్లు అదే చేశాను. ఇంటర్వెల్ లేని రోజు మధ్యాహ్నం మూడో తరగతికి లెక్కలు చెప్పి చూడండి, ఎందుకు వద్దంటున్నానో తెలుస్తుంది.

చినుకులతో పెద్ద ఇబ్బంది లేదు, చూడాల్సింది ఉరుమును, నేలను. ఉరుము వినబడిందా, ఇంక ఆలోచించేది లేదు, అందరూ గదుల్లోకే. వేపచెట్టు కిందికి ఉరికే వాళ్లు కొందరుంటారు, వాళ్లను ముందు పిలవండి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ బయటికి. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల సంగతి చూపిస్తుంది.

ఇక నేల. మాది దేవరకొండ వైపు చెల్క, అంటే ఎర్ర ఇసుక నేల, వాన వెలిసిన కాసేపటికే నీళ్లు ఇంకిపోతాయి. రేగడి ఉన్న ఊళ్లలో అట్ల కాదు, అడుగు తీస్తే చెప్పు మట్టిలోనే ఉండిపోతుంది. బెల్లుకు ఐదు నిమిషాల ముందు గ్రౌండ్ మధ్యకు వెళ్లి మడమతో గట్టిగా తొక్కుతాను. ఆ గుంటలో నీళ్లు ఊరితే వరండా, ఊరకపోతే ఆట. తడి ఆరేదాకా కబడ్డీ, ఖోఖో వద్దు, బంతి విసిరి పట్టుకునే ఆటలు చాలు. కరెంటు స్తంభం, బోరు స్టార్టర్ డబ్బా ఉన్న వైపు మాత్రం ఒక సారో మేడమో నిలబడాల్సిందే.

వరండాలో అయితే చాక్‌పీసుతో అష్టాచెమ్మా గీయండి. గవ్వలు లేకపోతే చింతగింజలను బండకు ఒకవైపు తెల్లగా అయ్యేదాకా అరగదీస్తే సరిపోతుంది, ఆ అరగదీయడమే సగం ఆట (ఒకసారి మా పిల్లలు ఇంటర్వెల్ అంతా గింజలే అరగదీశారు, ఆట మొదలే కాలేదు).

డిసెంబర్, జనవరి చలికి ఇంత హైరానా లేదు. పొద్దున ప్రార్థనను నీడలోంచి ఎండపొడకు మార్చండి, చల్లటి షాబాద్ బండల మీద ఉత్తగా కూర్చోబెట్టకండి. పరిగెత్తే ఆటలప్పుడు మఫ్లర్లు తీయించండి, ఒకరు లాగితే ఇంకొకరి మెడకు బిగుసుకుంటాయి. స్వెటర్ లేని పిల్లలను పదిమందిలో అడగొద్దు, ఇంట్లో పొట్టివైపోయిన స్వెటర్లు ఉంటే తెచ్చి ఆఫీసు రూమ్‌లో పెట్టండి. వానాకాలంలో అక్కడి బీరువాలోనే నాలుగు తువ్వాళ్లు, రెండు జతల పొడి బట్టలు.