దత్తతకు వైద్య పత్రాలు: ఏది ముందు, ఏది చివర

డాక్టరు దగ్గరికి వెళ్లేముందే దత్తత సంస్థ ఫారం చేతిలో ఉండాలి. చాలాచోట్ల ఆ నమూనాలో రాసిందే చెల్లుతుంది. దంపతులైతే ఇద్దరికీ విడివిడిగా వైద్య సర్టిఫికెట్లు కావాలి. అదే ఇంట్లో ఉండే మిగతా పెద్దవాళ్లకూ కావాలేమో ఇప్పుడే అడగండి.

పరీక్షలన్నీ ఒక్కరోజులో తెమలవు. టీబీ చర్మపరీక్షకు సూది వేశాక 48 నుంచి 72 గంటల లోపు వెళ్లి చేయి చూపించాలి. ఆ గడువు దాటితే మళ్లీ సూదే. బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లకు ఇన్‌ఫెక్షన్ లేకపోయినా చేయి వాచి పాజిటివ్ రావచ్చు. వాళ్లకు ఇగ్రా అనే టీబీ రక్తపరీక్ష మేలు. హెపటైటిస్ బీ రిపోర్టుతోనూ ఇదే తికమక. సర్ఫేస్ యాంటిజెన్ (HBsAg) పాజిటివ్ అయితే వైరస్ ఉన్నట్టు. సర్ఫేస్ యాంటీబాడీ (anti-HBs) పాజిటివ్ అయితే టీకా వల్లో, పాత ఇన్‌ఫెక్షన్ తగ్గడం వల్లో రక్షణ వచ్చినట్టు. ఫైలు చూసే మనిషి డాక్టరు కాదు కాబట్టి, దాని అర్థమేమిటో డాక్టరుతో ఒక వాక్యం రాయించండి.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది పాత జబ్బుల మీద. షుగరు, థైరాయిడ్, డిప్రెషన్, ఎప్పుడో తగ్గిపోయిన క్యాన్సర్, ఏదీ దాచకండి. దేశాంతర దత్తతల్లో 1993 నాటి హేగ్ ఒప్పందం 15వ అధికరణం కింద తయారయ్యే నివేదికలో వైద్య చరిత్ర కూడా ఉంటుంది. అక్కడ ఒకటి, సర్టిఫికెట్టులో ఇంకొకటి ఉంటే అనుమానం మీ నిజాయితీ మీదకు పోతుంది. చికిత్స చేస్తున్న స్పెషలిస్టు లేఖలో జబ్బు పేరు, ఎప్పుడు తేలింది, మందు, మోతాదు, తాజా పరీక్ష ఫలితం, ముందుముందు ఎలా ఉండొచ్చు అన్నవి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లల పెంపకానికి ఇది అడ్డొస్తుందా లేదా అన్న స్పష్టమైన మాట. 'ఆరోగ్యం బాగుంది' అని ఊరుకున్న లేఖతో పని జరగదు.

సంతకం దగ్గర తొందరపడకండి. నోటరీ ఎదుటే డాక్టరు సంతకం చేయాలన్న నిబంధన ఉంటే, ముందే చేసిన సంతకం పనికిరాదు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి; పొడి అక్షరాలు వద్దు. తేదీ, ముద్ర, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అక్కడే నిలబడి చూసుకోండి. వైట్‌నర్ పూసిన కాగితం తీసుకోకండి, కొత్త ఫారం నింపించండి. అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేందుకు ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) అవసరమైతే అది నోటరీ తర్వాతే.

ఈ సర్టిఫికెట్లకు గడువుంటుంది, అదీ చోటును బట్టి మారుతుంది. అందుకే పోలీసు ధ్రువీకరణలాంటి ఆలస్యమయ్యే కాగితాలు ముందు మొదలుపెట్టి, వైద్య పరీక్షలు చివరికి పెట్టుకోండి. ల్యాబు రిపోర్టుల అసలు ప్రతులు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.