ఎండలు ముదరకముందే: చల్లబరిచే జాకెట్లు వాడేవారికి జాగ్రత్తలు

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాల్లో 45 డిగ్రీల ఎండ వార్త కాదు. 46 దాటితేనే ఇక్కడివాళ్లు దాని గురించి మాట్లాడుకుంటారు. అయినా బొగ్గు గనుల్లో షిఫ్టులు ఆగవు, సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలు చల్లారవు. సిరొంచ వైపు తునికాకు పని సరిగ్గా మే నెలలోనే పడుతుంది. అందుకే పరిసరాలను బట్టి తమను తాము మార్చుకుంటాయని చెప్పే బట్టలకు ఇక్కడ గిరాకీ ఉంటుంది. చిక్కు ఏమిటంటే, ‘కూలింగ్ జాకెట్టు’ అనే ఒకే పేరుతో పనితీరులో పోలికే లేని సరుకులు అమ్ముతున్నారు. వాటిలో ఒకటి మే నెలలో ప్రాణం నిలిపితే, అదే జాకెట్టు జూన్‌లో ప్రాణం తీయవచ్చు.

నీళ్లతో తడిపే రకం

ఇది మన కూలర్ లాంటిదే. గడ్డి తడుస్తుంది, గాలి ఆడుతుంది, నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. ఈ జాకెట్టు పొరల్లో నీటిని పీల్చి నిలుపుకొనే పదార్థం ఉంటుంది. కొద్ది నిమిషాలు నానబెట్టి, నీళ్లు కారకుండా పిండి వేసుకోవాలి. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. అందులో చాలా భాగాన్ని గాలి నుంచే లాగినా, ఒంటికి దక్కే ఉపశమనం తక్కువేమీ కాదు.

అయితే ఇదంతా గాలి పొడిగా ఉన్నంతవరకే. 46 డిగ్రీల ఎండలో గాలి తేమ 15 శాతం ఉంటే, తడిబట్ట సుమారు 25 డిగ్రీల దాకా చల్లబడగలదు. 35 డిగ్రీలే ఉండి తేమ 75 శాతానికి చేరితే, అదే బట్ట 31 కన్నా కిందికి దిగదు. ఎండ తగ్గిందని మనం ఊపిరి పీల్చుకునే రోజునే జాకెట్టు పని మానేస్తుందన్నమాట. మృగశిర కార్తె వచ్చాక కూలర్ ముందు కూర్చున్నా ఒళ్లు జిడ్డుగా ఉంటుందని విదర్భలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కారణం ఇదే. కాబట్టి రోహిణి కార్తెలో, మరాఠీవాళ్లు నవతపా అనే ఆ రోజుల్లో, ఈ రకం బాగా పనిచేస్తుంది. తొలకరి మబ్బు పట్టగానే పక్కన పెట్టేయాలి. ఆరని తడిబట్ట ఒంటి చెమటను కూడా ఆరనివ్వదు. బరంపురం, గోపాల్‌పూర్ వైపు ఉన్న బంధువులకు ఇక్కడి నుంచి ఒకటి కొని పంపుదామనుకుంటే ఆ డబ్బు దండగ. సముద్రపు గాలిలో అది బరువైన తడిగుడ్డ మాత్రమే.

ఉప్పునీటి బోరు ఉన్న ఊళ్లలో జాకెట్టు త్వరగా గట్టిపడుతుంది. పని ముగిశాక మంచి నీళ్లతో జాడించి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా మడిచి సంచిలో పెడితే బూజు పడుతుంది, ఆ తరువాత తామర, చెమటకాయలు తప్పవు. లోపల పలచటి నూలు బనియను ఉండాలి. బట్టీ దగ్గర, వెల్డింగ్ దగ్గర తడి జాకెట్టు అసలు వద్దు. నిప్పు సెగకు అందులోని నీరు ఒక్కసారిగా ఆవిరై చర్మాన్ని ఉడికిస్తుంది.

మైనం ప్యాకెట్ల రకం

నిర్దిష్టమైన వేడి దగ్గర కరిగే మైనాన్ని బట్టలో ఇమిడ్చే ఆలోచన 1980లలో నాసా కోసం సాగిన పరిశోధనల్లో పెరిగింది. మైనం కరుగుతూ వేడిని తాగుతుంది, గడ్డకడుతూ తిరిగి వదులుతుంది. తేమతో దీనికి పేచీ లేదు. అందుకని ఉక్కపోతలోనూ పనిచేస్తుంది. పేచీ లెక్కలోనే ఉంది.

కిలో మైనం కరగడానికి ఉజ్జాయింపుగా 200 కిలోజౌళ్లు పడుతుంది. రెండు కిలోల ప్యాకెట్లున్న జాకెట్టు 400 కిలోజౌళ్లు మింగుతుంది. బరువులు మోసే మనిషి ఒళ్లు నిమిషానికి 20 నుంచి 25 కిలోజౌళ్ల వేడిని పుట్టిస్తుంది. చెమట కొంత మోసుకుపోయినా, ఆ జాకెట్టు పూర్తి షిఫ్టు కాయడం కల్ల. ఇక ప్యాకెట్లు లేకుండా, బట్టకే మైనపు గుళికలు పూశామని చెప్పి అమ్మే చొక్కాలు ఉన్నాయి. అందులో 50 గ్రాముల మైనం ఉందనుకున్నా దక్కేది 10 కిలోజౌళ్లు, అంటే అర నిమిషం పని. ఏసీ గదిలోకి, బయటికి తిరిగే ఉద్యోగికి అది హాయినివ్వవచ్చు. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ పక్కన నిలబడేవాడికి మాత్రం ఎందుకూ కొరగాదు.

కొనేముందు మైనం ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో చీటీ మీద చూడండి. 28 అని ఉంటే, రాత్రి కూడా ఇంట్లో 30 దిగని మే నెలలో అది తనంతట తాను గడ్డకట్టదు. తెల్లారి వేసుకునేది కరిగిపోయిన మైనాన్నే. ఫ్రిజ్ గాని మంచునీళ్ల డబ్బా గాని పని దగ్గర లేకపోతే ఈ రకం జోలికి వెళ్లవద్దు. కరిగిపోయిన జాకెట్టును వెంటనే విప్పేయాలి. ఇక అది ఒంటి వేడిని బయటికి పోనివ్వని కంబళి మాత్రమే. మైనం మండుతుంది కూడా, కాబట్టి నిప్పురవ్వలు ఎగిరే చోటికి దీనితో వెళ్లకూడదు.

మరో మాట. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి, మైనం కంటే ఎక్కువే. నీళ్ల సీసాలను గడ్డకట్టించి, నూలుగుడ్డ చుట్టి, పనివాళ్లకు రెండేసి ఇచ్చే కాంట్రాక్టరు ఖరీదైన జాకెట్టు కొనిచ్చేవాడికి ఏమీ తీసిపోడు. మంచును నేరుగా చర్మానికి తగలనివ్వకూడదంతే.

ఫ్యాన్లు బిగించిన రకం

నడుము దగ్గర రెండు చిన్న ఫ్యాన్లు, జేబులో బ్యాటరీ. 35 డిగ్రీల లోపు బ్రహ్మాండంగా ఉంటుంది. మన చర్మం వేడి సుమారు 35. గాలి అంతకన్నా వేడెక్కితే ఫ్యాను చేసే మేలంతా చెమటను ఆరబెట్టడం వల్లే. 40 దాటాక ఫ్యాను ఒంటిని వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. చంద్రపూర్ మధ్యాహ్నంలో పొడి ఒంటి మీద ఇది వేడి గాలి కొట్టే యంత్రమే. లోపలి బనియను తడిగా ఉంచుకుంటే తప్ప వేసుకోవద్దు. బ్యాటరీని ఎండలో నిలిపిన బైకు డిక్కీలో, లారీ క్యాబిన్‌లో వదిలిపెట్టకండి.

భూగర్భ గనిలోకి దీన్ని తీసుకెళ్లే ఆలోచనే చేయవద్దు. మీథేన్ ఉండే చోట చిన్న నిప్పురవ్వ చాలు. గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ ఆమోదం లేని ఏ బ్యాటరీ వస్తువూ అక్కడికి దిగకూడదు, బట్టలో కుట్టి ఉన్నా సరే. గుండె వేగం, ఒంటి వేడి కొలిచే తీగల చొక్కాలకూ ఇదే వర్తిస్తుంది. పైగా ఆ చొక్కా చెప్పేది చర్మం సంగతే, లోపలి వేడి సంగతి కాదు. ఫోనుకు హెచ్చరిక పంపుతుందని నమ్మి సిరొంచ అడవిలోకి వెళితే, సిగ్నలే ఉండని చోట అది ఎవరికి చెబుతుంది?

రంగు మారే బట్టలకు ఒక్క వాక్యం చాలు: అవి సరదా కోసం, జ్వరం చూసుకోవడానికి కాదు.

చల్లగా అనిపించడం వేరు

పుదీనా పువ్వు, అంటే మెంథాల్, పూసిన బట్టలు చర్మానికి చల్లని భ్రమ కలిగిస్తాయి. లోపల వేడి పెరుగుతూనే ఉంటుంది, మనిషికి మాత్రం నీడలోకి పోవాలని అనిపించదు. అన్నింటిలోకీ నాకు వీటిమీదే ఎక్కువ కోపం. ఏ జాకెట్టు వేసుకున్నా విరామం గడియారం చూసి తీసుకోవాలి, ఒంటికి ఎలా ఉందో చూసి కాదు.

గాలి తేమకు తగ్గట్టు పోగులు విచ్చుకుని, ముడుచుకుని, ఒంటి వేడిని బయటికి వదలడాన్ని 35 శాతానికి పైగా మార్చుకునే బట్టను అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంవారు 2019లో చూపించారు. విద్య గొప్పదే. కానీ అదే బట్ట అంటూ సంతలో ఎవరైనా అమ్మితే నమ్మకండి. నూలుబట్ట తన బరువులో సుమారు 8.5 శాతం తేమను మామూలుగానే పట్టి ఉంచుతుంది, పాలిస్టర్‌కు అది 0.4 శాతమే. తల చుట్టూ దుపట్టా, వదులైన నూలు చొక్కా ఇప్పటికీ మొదటి జాగ్రత్త. చెమటను పీల్చి ఆరబెట్టే ఆటల బట్టలు వాడేవారు వాటిని సువాసన కండిషనర్‌లో ముంచకూడదు. అది పోగుల మీద పొరలా పేరుకుని తేమ పాకే గుణాన్ని చంపేస్తుంది.

పని మొదలుపెట్టే రోజు

ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఏ బట్టా ఆ గడువును తగ్గించదు. కొత్తగా చేరినవారికి మొదటి రోజు ఎండలో ఐదో వంతు పని మాత్రమే ఇచ్చి, రోజుకు మరో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. బీపీకి నీటి మాత్రలు (ఒంట్లో నీటిని మూత్రంగా పంపేవి) వాడేవారు, వయసు పైబడినవారు జాకెట్టు ఉందన్న ధైర్యంతో మధ్యాహ్నం దిగకూడదు.

ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, నడక తూలినా, పొంతన లేని జవాబులిచ్చినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోగా నీడలోకి చేర్చి, జాకెట్టు, బూట్లు విప్పేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

కాంట్రాక్టర్లు ఒకే జాకెట్టును మూడు షిఫ్టులకు తిప్పడం మానాలి. ఒకరి చర్మరోగం మరొకరికి అంటుతుంది, మధ్యలో ఆరే సమయమూ ఉండదు. మనిషికొకటి ఇచ్చి, కాలరు లోపల చెరగని సిరాతో పేరు రాయించండి.