దసరా సీజన్‌కి ఆన్‌లైన్‌లో స్టాఫ్‌ని తీసుకునే ముందు

శ్రావణమాసం రాగానే బట్టల షాపులకు, మొబైల్ షాపులకు అదనంగా మనుషులు కావాలి. ఒకప్పుడు షాపు అద్దానికి 'సేల్స్‌మెన్ కావలెను' అని కాగితం అంటించేవాళ్లు, లేదా ఉన్న స్టాఫ్‌నే ఎవరైనా ఉంటే తీసుకురమ్మనేవాళ్లు. ఇప్పుడు పొద్దున ఉద్యోగాల యాప్‌లో ప్రకటన పెడితే సాయంత్రానికి ఫోన్ ఆగదు. ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. తెనాలిలో ఉన్న అమ్మాయి ఎవరి సిఫారసూ లేకుండా విజయవాడ షాపులో పనికి అడగగలదు. మన చుట్టాలు, మన వీధివాళ్లు అనే గీత దాటి మంచి పనివాళ్లు దొరుకుతారు.

కానీ మనిషిని త్వరగా చూపించడం వరకే యాప్ పని. ఆ మనిషి ఎవరో తెలుసుకోవాల్సింది మీరే.

ప్రకటన దగ్గరే సగం తలనొప్పి తగ్గించుకోవచ్చు. జీతం ఎంత, ఎన్ని గంటలు, వారం సెలవు ఉందా, షాపు ఏ ఏరియాలో ఉంది, పని ఎన్నాళ్లు అన్నీ రాయండి. 'మంచి జీతం' అని వదిలేస్తే అందరూ ఫోన్ చేస్తారు, జీతం చెప్పగానే సగం మంది పెట్టేస్తారు. 'అబ్బాయిలు మాత్రమే' అని రాయకండి, పనిలో చేర్చుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపడాన్ని 1976 నుంచీ చట్టం ఒప్పుకోదు. ఇంట్లో వాడే నంబరు కాకుండా వేరే సిమ్ ఇవ్వండి.

'మేం ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం' అనే ఒక్క లైను తప్పకుండా చేర్చండి. మోసగాళ్లు నిజమైన షాపుల ప్రకటనలు కాపీ చేసి, రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ అంటూ పిల్లల దగ్గర డబ్బు గుంజుతున్నారు. వాళ్లు పోగొట్టుకునేది అప్పు చేసి తెచ్చిన డబ్బు, పోయేది మీ షాపు పేరు. అలా జరిగిందని తెలిస్తే యాప్‌లో రిపోర్ట్ చేయండి, డబ్బు పోయినవాళ్లను వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

కాగితాల విషయంలో చాలామంది తొందరపడుతున్నారు. అప్లై చేయగానే ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ వాట్సాప్‌లో పంపమంటున్నారు. ఆ ఫొటోలు ఎన్ని ఫోన్లలో ఉండిపోతాయో ఎవరికీ తెలియదు. చేరే రోజు అడిగితే చాలు, అప్పుడైనా చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. మార్కుల మెమో అనుమానంగా ఉంటే అభ్యర్థినే తన ఫోన్‌లో డిజీలాకర్ (సర్టిఫికెట్లు దాచుకునే ప్రభుత్వ యాప్) తెరిచి చూపించమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం మీ దగ్గర పెట్టుకోవద్దు. వయసు కాగితం మీద చూడండి. ఫోన్‌లో గొంతు విని పద్దెనిమిదేళ్లు అనుకున్న పిల్లాడు పదమూడేళ్లవాడు కావచ్చు. పద్నాలుగు నిండనివాళ్లను పనిలో పెట్టుకోవడం నేరం.

క్యాష్ కౌంటర్‌కి, అకౌంట్స్‌కి తీసుకునేవాళ్ల సంగతి వేరు. వీడియో కాల్‌తో ఖాయం చేయకండి. ఎక్స్‌పీరియన్స్ లెటర్లు డబ్బిస్తే దొరుకుతున్న కాలం ఇది. రెజ్యూమెలో రాసిన నంబరు ఆ అభ్యర్థి స్నేహితుడిదే కావచ్చు కాబట్టి, పాత షాపు నంబరు మీరే వెతికి ఫోన్ చేయండి. పీఎఫ్ ఉన్నచోట పనిచేశానంటే, పీఎఫ్ సైట్‌లో తన సర్వీస్ హిస్టరీ తెరిచి చూపించమనండి. ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో అందులో ఉంటుంది. ఆ తర్వాత ఒక పూట కౌంటర్ దగ్గర నిలబెట్టి చూడండి, ఆ పూటకు కూలి ఇవ్వండి.

ఇంటర్వ్యూకి షాపు వేళల్లోనే, షాపుకే రమ్మనండి. ఆడపిల్లలైతే మీ ఆడ స్టాఫ్‌లో ఒకరు పక్కన ఉండాలి, తోడుగా నాన్నో అన్నో వస్తే కుర్చీ వేయండి.

వస్తామన్నవాళ్లంతా రారు. ఆన్‌లైన్‌లో ఒకేసారి నాలుగు చోట్ల మాట్లాడుకుని, దగ్గరున్న చోట చేరిపోతారు. పండగకి కనీసం మూడు వారాల ముందే చేర్చుకోండి, రెండో జాబితా చేతిలో ఉంచుకోండి. సీజన్ స్టాఫ్‌తో కలిపి లెక్క పదికి చేరితే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), ఇరవైకి చేరితే పీఎఫ్ వర్తించవచ్చు. ముందే మీ ఆడిటర్‌ని అడగండి.

తీసుకోనివాళ్లకు 'ఈసారి కుదరలేదు' అని ఒక మెసేజ్ పెట్టండి, మీ ఫోన్ కోసం చూస్తూ వేరే పని వదులుకునేవాళ్లు ఉంటారు. వాళ్లు పంపిన కాగితాలు అదే రోజు ఫోన్‌లోంచి తీసేయండి.